నకలు ఎంతవరకు వచ్చింది?

ఇంట్లో బదిలీ ఉత్తర్వు రాగానే మనం ఫోటోలు, నోట్సు బయటి డిస్కులోకి ఎక్కించుకుంటాం. లినక్స్‌లో ‘సీపీ’ ఆదేశం పని ముగిసేదాకా ఏమీ చెప్పదు. నడుస్తోందో, ఆగిందో తెలియదు. అందుకే ‘ఆర్‌సింక్’ వాడుకుందాం. దీన్ని 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ రూపొందించారు. ‘ఆర్కైవ్’, ‘ప్రోగ్రెస్’ అనే ఆప్షన్లు జోడిస్తే ఒక్కో ఫైలు ఎంత శాతం చేరిందో, వేగమెంతో, ఇంకెంతసేపో కనిపిస్తాయి. మధ్యలో కరెంటు పోయిందా? అదే ఆదేశం మళ్లీ ఇద్దాం. పూర్తిగా చేరిన ఫైళ్లను వదిలి మిగతావే పంపుతుంది.

‘ఎంవీ’ వేరే డిస్కుకు తరలించేటప్పుడు నకలు తీసి, అసలును చెరిపేస్తుంది. కాబట్టి ముందు నకలు, తర్వాత తనిఖీ, చివరకే చెరపడం.

100 శాతం కనబడగానే డిస్కు లాగేయకూడదు. ‘అన్‌మౌంట్’ చేశాకే తీద్దాం.