రామదాసు కథ: ఒక ధర్మసందేహము

బాల్యమున చదివిన కథను పెద్దయిన పిదప మరల చదివినచో నది క్రొత్తగా తోచును. 1947 జులైలో మదరాసునందు ప్రారంభమైన 'చందమామ' మాసపత్రికలోని బేతాళకథలు తెలుగు బాలబాలికలను ఎన్నో ఏండ్లు అలరించినవి. కథ ముగియగానే బేతాళుడు విక్రమార్కుని ఒక చిక్కుప్రశ్న యడుగును. పసివాడు కథలోని వింతలకు మురియును; పెద్దవాడు ఆ ప్రశ్నయొద్ద ఆగి ఆలోచించును.

అట్టి ప్రశ్న భద్రాచల రామదాసు కథయందును కలదు. నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున, గోలకొండ సుల్తాను తానాషా కాలమున, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండెను. శిస్తు సొమ్మును ప్రభువు అనుమతి లేక వెచ్చించి గోదావరీతీరమున శ్రీరామునకు ఆలయము కట్టించెననియు, అందులకై పండ్రెండేండ్లు గోలకొండ చెరసాలలో మగ్గెననియు ప్రతీతి.

ఈ కథ విన్న పసివానికి గోపన్న మహాభక్తుడు, తానాషా క్రూరుడు. మరల చదివినపుడు సందేహము పొడసూపును. ఆ సొమ్ము గోపన్నది కాదు. రైతులు చెల్లించినది, ఖజానాకు చేరవలసినది. దానిని కాపాడుట ప్రభువు విధి. అట్లని గోపన్న తన సుఖమునకై దానిని వాడుకొన్నట్లు కథ చెప్పదు. ఇరువురిలో దోషి యెవరు?

కథయే దారి చూపుచున్నది. రామలక్ష్మణులు సేవకుల వేషమున వచ్చి, తానాషాకు ఆరులక్షల మొహరీలు చెల్లించి, రసీదు పుచ్చుకొని గోపన్నను విడిపించిరని జనులు చెప్పుకొందురు. శ్రీరాముడు సైతము ఆ బాకీని కాదనలేదు, తీర్చెను. కార్యమెంత పవిత్రమైనను పరుల సొమ్ముతో చేసినచో ఋణము మిగులును. భక్తుని గౌరవించుచునే ఈ సత్యమును గ్రహింపవలెను.