చీరకు పది రూపాయలు: ఎవరికి, ఎట్లా?

ప్రశ్న: సుల్తానాబాద్‌లో చిన్న చీరల దుకాణం నడుపుతున్నాను. అక్టోబరులో అమ్మే ప్రతి చీరపై 10 రూపాయలు రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఇద్దామనుకుంటున్నాను. ఎట్లా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఒకటి తేల్చుకోండి. డబ్బు పరిశోధనకా, వైద్యానికా, అవగాహనకా? మూడూ వేర్వేరు పనులు. హైదరాబాద్‌లో డాక్టర్ పి. రఘురామ్ 2007లో తల్లి పేరిట స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ ప్రధానంగా అవగాహన మీద, జబ్బును తొలిదశలోనే గుర్తించడం మీద పనిచేస్తుంది. పరిశోధనకే ఇవ్వాలనుకుంటే, క్యాన్సర్ ఆసుపత్రి నడిపే ట్రస్టును “మా డబ్బు ఏ అధ్యయనానికి వెళ్తుంది?” అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. అనుమతి రాకముందే వాళ్ల పేరు ఫ్లెక్సీ మీద వేయించకండి.

బోర్డు మీద “లాభంలో కొంత” అని మాత్రం రాయొద్దు. ఆ మాట చూస్తే నాకెప్పుడూ అనుమానమే. “చీరకు 10 రూపాయలు, అక్టోబరు 31 వరకు” అని రాయండి. నెలాఖరున బిల్లు పుస్తకం ముందేసుకుని లెక్క కూడి, ట్రస్టు ఇచ్చిన రసీదు గల్లాపెట్టె పక్కన అంటించండి.

విరాళం ఇచ్చినా జీఎస్టీ చీర పూర్తి ధర మీదే పడుతుంది. చెక్కుగానో, బ్యాంకు ద్వారానో పంపండి. నగదు 2,000 రూపాయలు దాటితే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ లేదు.

వెయ్యి చీరలు అమ్మినా వచ్చేది 10,000. పరిశోధనకు అది చిన్న మొత్తమే. పక్క దుకాణాల వాళ్లను, రైసుమిల్లుల వాళ్లను కూడా అడిగి చూడండి.