బల్లమీదికి రాని కాగితము

ఒక ప్రభుత్వ కార్యాలయమునకు చూపులేని యువకు డొకడు గుమాస్తాగా వచ్చెననుకొందము. అతడు పోటీపరీక్షలో నెగ్గి వచ్చినవాడు. ఆ గదిలోనివారు దుర్మార్గులు కారు, అందఱును దయగలవారే. ఒకరు కుర్చీ జరిపి కూర్చుండబెట్టిరి. మఱియొకరు మంచినీళ్ళు తెచ్చియిచ్చిరి. “నీకీ శ్రమ యెందులకు నాయనా? కూర్చుండుము. పని మేము చూచుకొందుము” అని పెద్దగుమాస్తా పలికెను. నెల గడచెను, జీతము వచ్చెను. కాని యువకుని బల్లమీదికి ఒక్క కాగితమైనను రాలేదు. చదివి సంపాదించుకొన్న కొలువులో పనిలేక కూర్చుండుట యెంతటి అవమానమో ఆ దయామయులలో నొక్కరికిని తోచలేదు.

ఇట్టి దయకు విరుగుడుగా నేడు పలు కార్యాలయములలో ఉద్యోగులకు శిక్షణ నిచ్చుచున్నారు. దీనికి వెనుక చట్టబలము కలదు. మన దేశమున దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో నేర్పడి, 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములను పేర్కొనగా, ఇది 21 విధములను గుర్తించినది. ప్రభుత్వోద్యోగములలో నూటికి 4కు తక్కువ కాకుండ వారికి కేటాయింపవలెనన్నది. అంతేకాదు, కొలువులో నుండగా వైకల్యము సంభవించినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగింపరాదనియు, వారి హోదా తగ్గింపరాదనియు శాసించినది. నాకు ఈ మాటయే మిక్కిలి ముఖ్యముగా తోచును. ఉదయము రెండు కాళ్ళతో ఇల్లు వెడలినవాడు సాయంకాలమునకు ఎట్లుండునో ఎవ్వ డెఱుగును?

చూపులేనివారు కంప్యూటరుతో నెట్లు పనిచేయుదురని మీకు సందేహము కలుగవచ్చును. తెరమీది అక్షరములను చదివి వినిపించు సాఫ్ట్‌వేరు కలదు. వేళ్ళు మీటలమీద నాడుచుండగా చెవిలో మాటలు పలుకుచుండును. అలవాటుపడినవారు మనకు బోధపడనంత వేగముగా దానిని వినగలరు. ఉత్తర్వును టైపుచేసి యథాతథముగా పంపినచో అది చక్కగా చదువును. అదే ఉత్తర్వును అచ్చుతీసి, సంతకముచేసి, ఫోటోగా పంపినచో ఆ సాఫ్ట్‌వేరు మూగవోవును. బొమ్మలోని అక్షరములను గుర్తించు సాధనములును వచ్చినవి గాని, మాసిన ప్రతులయందు అవి పొరపడుచుండును. కనుక టైపుప్రతినికూడ జతచేయుడని శిక్షకులు చెప్పుదురు. దీనికి ఖర్చు కానీ యైనను లేదు. అలవాటు మార్చుకొనవలెను, అదియే కష్టము.

శిక్షకుడే చక్రముల కుర్చీలో వచ్చినవాడైనచో పాఠము గుమ్మమువద్దనే ఆరంభమగును. 1 మీటరు ఎత్తునకు 12 మీటర్ల పొడవైనను వాలుదారి యుండవలెను. అంతకంటె నిటారుగా కట్టినచో అది జారుడుబల్లయే గాని దారి కాదు. కట్టిన దారిమీద పూలకుండీలు పెట్టుటయు, మోటారుసైకిళ్ళు నిలుపుటయు మనము తఱచు చూచునదే.

తక్కినవి చిన్న సంగతులు. అంధుని చేయిపట్టి లాగరాదు; అడిగి, మన మోచేతిని అందింపవలెను. వినికిడి లేనివారితో మాటలాడునపుడు వారి ముఖము చూచి మాటలాడవలెను, ప్రక్కనున్న సంజ్ఞాభాష తెలిసినవారి ముఖము కాదు. అగ్నిప్రమాదపు గంట వారికి వినబడదు గనుక వెలిగి ఆరు దీపముకూడ నుండవలెను.

మన పెద్దగుమాస్తా ఈ శిక్షణకు పోయెననుకొందము. ఆయన లేచి, “మా గదిలో చూపులేనివాడొక డున్నాడు. వానికి ఏ పని యీయవచ్చును?” అని యడిగెను. “అతడు మీ ప్రక్కనే కూర్చుండియున్నాడు గదా, అతనినే యడుగుడు” అని శిక్షకు డనెను. పెద్దగుమాస్తా కొంత తడబడి, ప్రక్కకు తిరిగి, “మీకు ఏ పని యిమ్మందురు?” అనెను.

“పింఛను అర్జీలు ఇండు. టైపుప్రతులు పంపుడు, చాలును” అని యువకుడు బదులుచెప్పెను.

మఱునాడు పదిగంటలకు 14 అర్జీలు అతని కంప్యూటరులోనికి వచ్చినవి.