తొలకరి చేలో ఫిజిక్స్ పాఠం

తొలకరి పడితే చాలు, పత్తికొండ చుట్టుపక్కల తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం తల వంచుకుని తిరుగుతుంటారు. వానకు మట్టి కొట్టుకుపోయి బయటపడ్డ రాళ్లలో ఏదో ఒకటి తళుక్కుమంటే వజ్రమేమోనని ఆశ. ఎంపీసీ పిల్లలూ, ఆ రాయి ధర సంగతి పక్కనపెట్టి ఒకసారి లోపలికి తొంగిచూడండి.

వజ్రమంటే కార్బన్. దాని కేంద్రకంలో 6 ప్రోటాన్లు. అన్నిటిదీ ధనావేశమే కనుక విడిపోవాలి. విడిపోనివ్వనిది ప్రబల కేంద్రక బలం. ఒక్కో పరమాణువు మరో నాలుగింటిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఆ పట్టు విద్యుదయస్కాంత బలానిది. పెన్సిల్ ములుకూ కార్బనే, కానీ అందులో పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ. అందుకే కాగితం మీద రాలుతుంది, వజ్రమేమో గాజును కోస్తుంది. సుమారు 150 కిలోమీటర్ల లోతున కార్బన్‌ను అదిమి వజ్రం చేసింది పైనున్న రాతి బరువు, అంటే గురుత్వాకర్షణ. ఇక దుర్బల బలం. సూర్యుడు మండాలంటే ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారాలి, ఆ పని దానిది. అది లేకుంటే మన కళ్లంలో శెనక్కాయ ఎండదు. అసలు ఆ కార్బన్ సూర్యుడికంటే ముందే, వేరే నక్షత్రాల్లో మూడేసి హీలియం కేంద్రకాలు కలిసి పుట్టింది.

ఇంత కథను నాలుగు బలాల పేర్లుగా బట్టీపట్టి వదిలేస్తున్నారనే నా బాధ.

ఈ ఫిజిక్స్ బతుకుదెరువు కూడా. వజ్రాలుండే వజ్రకరూరు కింబర్లైట్ లాంటి రాళ్లను వెతకడానికి నేల అయస్కాంతత్వంలో, గురుత్వంలో చిన్న తేడాలను కొలుస్తారు. బోరు పాయింటు దగ్గర నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. తడి ఉన్నచోట నిరోధం తగ్గుతుంది. మీరు ల్యాబ్‌లో చేసిన ఓం నియమమే! ఈ పని చేసేవాళ్లే జియోఫిజిసిస్టులు. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షలో జియోఫిజిసిస్టు పోస్టుకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లూ అర్హులే.

ఈ దారి పట్టాలనుకుంటే ఇంటర్ కాగానే ఐఏటీ ప్రవేశ పరీక్ష రాసి, 2015లో మొదలైన తిరుపతి ఐఐఎస్‌ఈఆర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవొచ్చు. బీఎస్సీలో చేరినవాళ్లకు జామ్ ప్రవేశ పరీక్ష ఉంది, దాంతో ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. బీటెక్ చేసిన స్నేహితుడికి జీతం వచ్చేనాటికి మీరింకా చదువుతూనే ఉంటారు. ఆ మాట అమ్మానాన్నలతో ఇప్పుడే, కూర్చోబెట్టి చెప్పండి.