కనపడటం వేరు, కంటపడటం వేరు

ప్రశ్న: ‘నిన్న బజార్లో మీ అన్నయ్య నా కంటపడ్డాడు’ అన్నాను. ‘మా అన్నయ్యేం దొంగా, కంటపడటానికి?’ అని స్నేహితురాలు నొచ్చుకుంది. కనపడటం, కంటపడటం రెండూ ఒకటి కావా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: మీరన్నదాంట్లో తప్పు లేదు, ఆమె నొచ్చుకోవడమూ అకారణం కాదు. వెతక్కుండానే, అనుకోకుండా చూపుకు తగలడం కంటపడటం. ‘బీరువా సర్దుతుంటే అమ్మ ఉత్తరం కంటపడింది’ అంటే ఎంత బాగుంటుంది! అయితే ‘నాన్న కంటపడకుండా వెళ్లు’, ‘పోలీసుల కంటపడ్డాడు’ అన్న వాడుక కూడా బలమైనదే. తప్పుకు తిరిగేవాడు దొరికిపోయాడన్న ధ్వని అక్కడిది. ఆమెకు అదే తోచి ఉంటుంది. పెద్దవాళ్ల గురించి ‘కనిపించారు’ అనడమే మర్యాద.

అసలు తేడా కాలంలో ఉంది. కొండమీది దీపం రాత్రంతా కనపడుతుంది, రాత్రంతా కంటపడదు. కంటపడటం ఆ మొదటి క్షణానిదే. చూపు మందగించినవారు ‘నాకు సరిగ్గా కనపడటం లేదు’ అంటారు, అక్కడ కంటపడటం కుదరదు. ‘నాకు’ కనపడుతుంది, ‘నా’ కంటపడుతుంది. ఇల్లు ‘ఇంట’, నోరు ‘నోట’ అయినట్టే కన్ను ‘కంట’ అయింది, కంటిలో అని అర్థం. ‘ఇంటి’, ‘నోటి’, ‘కంటి’ వంటి రూపాల్లో చేరే ఇ, టి, తి వర్ణాలనే చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఔపవిభక్తికాలంది. తెలంగాణ పల్లెల్లో ‘కండ్లవడ్డడు’ అంటారు, అదీ చక్కని మాటే.

‘కన్ను పడటం’ మాత్రం వేరు. ‘ఆ పొలం మీద వాడి కన్ను పడింది’ అంటే ఆశపడ్డాడనే.

ప్రశ్న: తిరుమల నడకదారిలో ‘చిరుత దర్శనమిచ్చింది’ అని రాస్తున్నారు. సరైనదేనా?

సమాధానం: నాకు నచ్చదు. దర్శనం ఇచ్చేది స్వామి. చిరుత భక్తుల కంటపడింది అంటే చాలు. అనుకోకపోవడం, ఉలికిపాటు రెండూ అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: ‘లీలగా’, ‘చూచాయగా’ ఒకదాని బదులు ఒకటి వాడవచ్చా?

సమాధానం: అన్నిచోట్లా కాదు. మసకగా అందేది లీలగా: పొగమంచులో గోపురం లీలగా కనిపిస్తుంది, దూరపు డప్పు లీలగా వినిపిస్తుంది, చిన్ననాటి ఇల్లు లీలగా గుర్తుంటుంది. చూచాయ ఎక్కువగా చెప్పడానికీ తెలియడానికీ సంబంధించినది. పెళ్లి సంగతి అత్తయ్య చూచాయగా చెప్పింది అంటే, విప్పి చెప్పకుండా అందేలా చేసిందని. అక్కడ ‘లీలగా చెప్పింది’ అని రాయకండి.