ఎస్సెన్ పట్టణంలో పచారీ సామాన్లు - ఒక పరిశీలన

విదేశాలు చూసి వచ్చినవాళ్ళు సాధారణంగా కోటల గురించి, మ్యూజియంల గురించి, వంతెనల గురించి రాస్తూ ఉంటారు. నేను నాలుగు నెలలపాటు జర్మనీలోని ఎస్సెన్ పట్టణంలో ఉన్నాను. స్కాలర్‌షిప్పు డబ్బుతో నెల గడుపుకోవాలి గనుక, మ్యూజియంలకంటే పచారీ కొట్లకే ఎక్కువసార్లు వెళ్ళాను. ఒక దేశపు చట్టాలూ, అలవాట్లూ, లేమీ కూడా ఉప్పూ పప్పూ కొనేచోట కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించవని నా అభిప్రాయం. మనవాళ్ళు ఇప్పుడు చాలామంది చదువుకోసం అటు వెళ్తున్నారు. వారికి పనికివస్తుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. ఎస్సెన్ రూర్ బొగ్గు ప్రాంతంలోని పట్టణం. మన గోదావరిఖని, కొత్తగూడెం లాంటిదన్నమాట. కాకపోతే అక్కడి ఆఖరి బొగ్గుగని త్సోల్‌వెరైన్ 1986లోనే మూతపడింది. ఆ గనికి దగ్గరలోనే ఉన్న షోన్నెబెక్ పేటలో 1913లో ఆల్‌బ్రెక్ట్ కుటుంబం వ్యాపారం మొదలుపెట్టింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆ ఇంటి కొడుకులు కార్ల్, థియో చిన్న అంగడిని చేతిలోకి తీసుకున్నారు. వాళ్ళ పద్ధతి చాలా సాదా. బాగా అమ్ముడుపోయే కొద్ది రకాలే ఉంచడం, హంగూ ఆర్భాటం లేకుండా సరకును వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి అమ్మేయడం. 1960ల మొదట్లో అన్నదమ్ములు దేశాన్ని ఉత్తర, దక్షిణ భాగాలుగా పంచుకున్నారు. ‘ఆల్‌బ్రెక్ట్ డిస్కౌంట్’ అనే మాటలు కుదించుకుపోయి ‘ఆల్డి’ అయ్యాయి. గనికార్మికుల జీతంతో ఇల్లు నడిపే ఆడవాళ్ళ నడుమ పెరిగిన కొట్టు ఇవాళ ఖండాలు దాటింది.

ఇంతకీ ఈ చవక ఎక్కడినుంచి వస్తుంది? కొంత పని కొనేవాడి నెత్తిన వేయడంవల్ల. సామాన్ల బండి గొలుసుతో కట్టి ఉంటుంది. యూరో నాణెం దూరిస్తే ఊడివస్తుంది, తిరిగి తెచ్చి తగిలిస్తే నాణెం చేతికొస్తుంది. బండ్లు ఏరుకొచ్చే మనిషి జీతం కొట్టువాడికి మిగిలింది. సంచిలో సర్దిపెట్టే కుర్రాడూ ఉండడు. కౌంటరు దగ్గర కూర్చున్న ఆవిడ సరకులు తోసే వేగానికి మన చేతులు చాలవు. సంచి కూడా ఇంటినుంచి తెచ్చుకోవలసిందే. పలుచని ప్లాస్టిక్ చేతిసంచులు 2022 జనవరి 1 నుంచి నిషేధం.

ధరచీటీ చదవడం ఒక విద్య. పెద్ద అక్షరాల్లో ప్యాకెట్టు ధర ఉంటుంది, కింద చీమతలకాయంత అక్షరాల్లో కిలో ధరో లీటరు ధరో ఉంటుంది. అలా వేయడం చట్టం. చూడవలసింది ఆ కింది అంకెనే. (మన ప్యాకెట్ల మీద కూడా ఈమధ్య గ్రాముకు ఇంత అని వేస్తున్నారు. చదివేవాళ్ళేరీ?)

అన్నిటికంటే నాకు నచ్చింది గోధుమపిండి. పొట్లం మీద 405, 550, 1050 అని అంకెలు ఉంటాయి. ధర కాదు, బరువూ కాదు. రసాయనశాస్త్రం చదివే మిత్రులు వినండి: నూరు గ్రాముల పిండిని పూర్తిగా కాలిస్తే సుమారుగా ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ లెక్క అది! ఖనిజలవణాలు ఎక్కువగా ఉండేది గింజ పైపొరల్లో. కాబట్టి అంకె పెరిగినకొద్దీ పొట్టు ఎక్కువ. 405 అంటే ఇంచుమించు మన మైదా. చపాతీలకు 1050 నయం. పొట్టేమీ తీయని పిండికి అంకే వేయరు.

అన్నానికి బాస్మతి దొరుకుతుంది గానీ, పాయసం కోసమని అమ్మే గుండ్రటి బియ్యం ఉంది, ‘మిల్ష్‌రైస్’ అంటారు. మెత్తగా ఉడుకుతుంది, పెరుగన్నానికి దివ్యంగా ఉంటుంది. పెరుగు డబ్బా మీద 1.5, 3.5 అని వెన్నశాతం వేస్తారు, మనకు 3.5 రకమే నప్పుతుంది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు ఆసియా కొట్లలోనే.

కోడిగుడ్డు పెంకు మీద కూడా ముద్ర ఉంటుంది. మొదటి అంకె సున్నా అయితే సేంద్రియ పద్ధతి, 1 అయితే ఆరుబయట తిరిగిన కోడి, 2 అయితే కొట్టంలో తిరిగినది, 3 అయితే పంజరంలోది. తరవాత దేశం అక్షరాలు. గుడ్డు చదివి కోడి కష్టసుఖాలు తెలుసుకోవచ్చు.

ఆదివారం కొట్లు తెరవరు. రైల్వేస్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో కొన్ని, రొట్టెల దుకాణాలు కాసేపు, అంతే. ఆదివారం విశ్రాంతిదినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఉన్న మాటను 1949 రాజ్యాంగంలోకి అలాగే తీసుకున్నారు. కాబట్టి శనివారం సాయంత్రమే పాలు కొని పెట్టుకోవాలి.

ఇక సీసాల సంగతి. వాడి పారేసే పానీయాల డబ్బాలకూ సీసాలకూ 2003 నుంచి తప్పనిసరి డిపాజిట్టు పెట్టారు. ఒక్కోదానికి 25 సెంట్లు. ఖాళీ డబ్బా కొట్లోని యంత్రం నోట్లో పెడితే చీటీ వస్తుంది, ఆ చీటీకి డబ్బిస్తారు. మళ్ళీ నింపి వాడే బీరు గాజుసీసాకు మామూలుగా 8 సెంట్లే. వీధుల శుభ్రతకోసం చేసిన ఈ ఏర్పాటు మరోవిధంగా కూడా పనిచేస్తోంది. రైల్వేస్టేషన్లో చీకటి పడ్డాక చెత్తతొట్లలోకి టార్చిలైటు వేసి చూసే మనుషులు కనిపిస్తారు. వాళ్ళలో పింఛను చాలని ముసలివాళ్ళూ ఉన్నారు. నాలుగు డబ్బాలైతే ఒక యూరో. గాజుసీసా బరువెక్కువ, రాబడి తక్కువ. అందుకని ముందు డబ్బాలే ఏరతారు. వాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టే అవసరం లేకుండా చాలామంది ఖాళీ సీసాను తొట్టి పక్కన నేలమీద నిలబెట్టి పోతారు. ఎవరూ చెప్పనక్కరలేదు, ఊరంతటికీ తెలుసు.

ఒక శనివారం నా ముందు ఒక పెద్దావిడ రెండు సంచుల డబ్బాలు యంత్రంలో వేసింది. శుభ్రమైన కోటు, చేతికి తొడుగులు. చీటీ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం సరిగా ఉందో లేదో చూసుకుంది. తరవాత రొట్టెల వరసకు వెళ్ళి, కింది అరలో ఉన్న పొట్లాన్ని వంగి తీసి, దాని కిలో ధర ఎంతో చదవడం మొదలుపెట్టింది.