నీటిపై ఒక దినము - కొండపై ఒక దినము



భూగోళ పటములో నదులు నీలిగీతలు, పర్వతములు గోధుమరంగు మచ్చలు. కోరాపుట్, రాయగడ జిల్లాల బిడ్డలకు అవి వట్టి గీతలును మచ్చలును కావు. వాకిట నిలిచిన కన్నులకు కనబడునవి. అయినను మనలో పెక్కుమంది తెడ్డు పట్టి ఎరుగరు, దేవమాలి ఎక్కి ఎరుగరు. శనివారము కొలాబు జలాశయముపై పడవ నడపి, రాత్రి గుడారములో నిద్రించి, ఆదివారము దేవమాలి శిఖరమెక్కు రెండు దినముల యాత్రను ఒక పాఠముగా ఇచట వివరించెదను. తలిదండ్రులును దీనిని చదువవలెనని నా మనవి. బిడ్డను పంపవచ్చునా అను ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు వారే గదా!

1. రెండు పేర్ల నదులు

మనము పడవ నడపు నీరు ఎచటికి పోవును? కొలాబు నది మన కొండలలో పుట్టి, పడమరకు సాగి, తెలుగు నేల చేరునప్పటికి శబరి యను పేరు దాల్చి, కూనవరము వద్ద గోదావరిలో కలియును. మాచ్‌ఖండ్ నది దిగువకు పోయి సీలేరు అగును. ఆ సీలేరు శబరిలో కలియును. రాయగడ ప్రక్కన పారు నాగావళిని ఒడియావారు లాంగుల్య అందురు; అది శ్రీకాకుళము మీదుగా సాగి బంగాళాఖాతమును చేరును. పేరు మారినను నీరు మారలేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. పాఠము చివర దీనితో పని యున్నది.

జలాశయము నదివంటిది కాదు. ఇప్పుడు నీరున్న చోట పూర్వము పల్లెలు, పొలములు ఉండెను. అడుగున చెట్ల మోడులు, గట్లు ఉండవచ్చును. కావున దారి ఎరిగిన స్థానికుడు ముందు పడవలో లేనిదే బయలుదేరరాదు. ఆనకట్ట ద్వారముల దిక్కునకు ఎన్నడును పోరాదు.

2. తెడ్డు చెప్పు శాస్త్రము

తెడ్డు నీటిని వెనుకకు నెట్టును. నీరు తెడ్డును, దానితోపాటు పడవను, ముందుకు నెట్టును. న్యూటను మూడవ సూత్రము ఇదియే. కుడివైపున మాత్రమే తెడ్డు వేసినచో పడవ ఎడమకు తిరుగును. పడవలో లేచి నిలుచున్నవాని గరిమనాభి పైకి పోవును. పడవ ఒరగుట సులభమగును. కావున కూర్చుండియే యుండవలెను.

"నాకు ఈత వచ్చును, లైఫ్ జాకెట్ ఎందుకు?" అని కొందరు అడుగుదురు. చలికాలపు నీటిలో హఠాత్తుగా పడినవానికి ఊపిరి ఎగబ్రాకును. తలకు దెబ్బ తగిలినచో ఈత పనికిరాదు. ఆ జాకెట్ తన బరువుకంటె ఎక్కువ బరువుగల నీటిని తొలగించి, మనిషి తలను నీటిపై నిలుపును. పడవ తలక్రిందులైనచో ఒడ్డునకు ఈదబోక పడవనే పట్టుకొని యుండవలెను. వెదకువారికి మనిషి తలకంటె పడవ త్వరగా కనబడును. ఎండ ముదిరినకొలది గాలి లేచి అలలు పెరుగును గనుక ఉదయమే నీటిపైకి పోయి, గాలి లేవకమునుపే ఒడ్డు చేరుట మేలు.

3. గుడారపు రాత్రి

ఎండిన వాగు గర్భములో గాని, ఎండుకొమ్మ క్రింద గాని గుడారము వేయరాదు. మన ప్రాంతము మలేరియాకు పేరుపడినది, దోమతెర తప్పదు. నీటిని కాచి త్రాగవలెను. చలి యెంతయైనను నిప్పుల కుంపటిని గుడారములోనికి తేరాదు. బొగ్గు నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిదురలోనే ప్రాణము తీయును. తెచ్చిన ప్రతి కాగితమును, సంచిని తిరిగి తీసికొని పోవలెను. ఆ నేల మనది కాదు, సమీపపు పల్లెవారిది.

4. కొండపై లెక్కలు

దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. ఒడిశాలో ఇంతకు మించిన శిఖరము లేదు. కోరాపుట్ పట్టణము సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. ప్రతి వేయి మీటర్లకు ఉష్ణోగ్రత ఇంచుమించు 6.5 డిగ్రీలు తగ్గును. కావున పట్టణములో 12 డిగ్రీలున్న వేళ శిఖరముపై 7 డిగ్రీలుండును. గాలి వీచినచో ఇంకను చల్లగా తోచును. అచట నీరు 100 డిగ్రీలకు ముందే, 95 డిగ్రీల దగ్గర, మరుగును. అన్నము ఉడుకుటకు ఆలస్యమగుట అందువలననే.

నడకకును లెక్క కలదు. 1892లో నెయిస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సూత్రము చెప్పెను: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కు ప్రతి 600 మీటర్లకు మరియొక గంట. పిల్లల గుంపునకు దీనికి సగము చేర్చుకొనవలెను. వెనుకకు మరలు వేళను బయలుదేరకమునుపే నిర్ణయించి, శిఖరము చేరినను చేరకున్నను ఆ వేళకు మరలవలెను.

దేవమాలి శిఖరము గడ్డి తప్ప చెట్టులేని బయలు. మెరుపు కనబడిన వెంటనే అంకెలు లెక్కింపుడు. ఉరుము మూడు క్షణములకు వినబడినచో పిడుగు ఒక కిలోమీటరు దూరము. ముప్పది క్షణములలోపల వినబడినచో వెంటనే దిగిపోవలెను.

5. నేను నేర్చుకొన్న పాఠము

నా ఉపాధ్యాయ శిక్షణ పొరుగు రాష్ట్రమున జరిగినది. ఇచటికి వచ్చిన క్రొత్తలో నాకు ఒడియా అంతగా రాదు. ఒకసారి తొమ్మిదవ తరగతి పిల్లలతో కొండ ఎక్కుచుండగా దట్టముగా మంచు క్రమ్మెను. ముందు నడచుచున్న దారి చూపువాడు "రుహ! రుహ!" అని కేకవేసెను. రమ్మనుచున్నాడని నేననుకొని, పిల్లలను త్వరపెట్టి ముందుకు అడుగువేసితిని. వెనుకనుండి ఒక బాలుడు నా చేయి పట్టి లాగి, "మాస్టారూ, ఆగమంటున్నాడండీ!" అనెను. మంచు విడిన పిమ్మట చూడగా, మేము నిలిచిన చోటికి పదియడుగులలో బండ తెగి లోయ కనబడెను. ఆ బాలుడు సంతలో తండ్రి ప్రక్కన కూర్చుండి ఒడియా నేర్చినవాడు. ఆ దినమున గురువు అతడు, శిష్యుడను నేను.

బిడ్డ ఒడియా నేర్చినచో తెలుగు మరచునేమో యని కొందరు తలిదండ్రులు భయపడుదురు. పేరు రెండైనందువలన కొలాబు నీరు తగ్గినదా? ఇంట తెలుగు నిండుగా మాటలాడుదము, బడిలో చక్కగా వ్రాయుదము. పొరుగువాని భాషను ప్రాణస్నేహముగా నేర్తము. యాత్రకు ముందు ఈ అయిదు మాటలు ప్రతివాడును నేర్వవలెను: పాణి - నీరు, డంగా - పడవ, ఆహులా - తెడ్డు, బిజుళి - మెరుపు, రుహ - ఆగు.

తలిదండ్రులారా! పంపుటకు ముందు మమ్ములను నాలుగు ప్రశ్నలు అడుగుడు. దారి చూపువాడు ఎవరు? ప్రతి బిడ్డకు సరిపోవు లైఫ్ జాకెట్ ఉన్నదా? మరలు వేళ ఏది? ఆడపిల్లలతో ఉపాధ్యాయిని ఉన్నదా? నాలుగింటికిని సరియైన జవాబు దొరికినచో, కొడుకును కూతురును సమానముగా పంపుడు. దొరకనిచో, అడిగినవాడు నేనైనను పంపవలదు.

అభ్యాసము

1. కొలాబు, మాచ్‌ఖండ్ నదులకు దిగువన ఏ పేర్లు కలవు?
2. 5 కిలోమీటర్ల దూరము, 450 మీటర్ల ఎత్తు గల దారికి నెయిస్మిత్ సూత్రము ప్రకారము ఎంత వేళ పట్టును? పిల్లల గుంపునకు ఎంత?
3. గుడారములో కుంపటి ఏల కూడదు?
4. మీ ఊరి సంతలో వినబడు పది ఒడియా మాటలను తెలుగు అర్థములతో వ్రాయుడు.